తీగ హ్యాంగర్లకు చోటు లేదు

అక్క ఇంటికి వెళ్ళి వచ్చేసరికి దుకాణం అద్దానికి ఒక కాగితం అంటించి ఉంది. బస్సు దిగి, సంచి భుజాన వేసుకుని, అవతలి కాలిబాట మీద నిలబడి ఆవిడ దాన్ని చదివింది. "మీ ఇంట్లో ఊరికే పడి ఉన్న తీగ హ్యాంగర్లు పారేయకండి. మాకు తెచ్చివ్వండి. మళ్ళీ వాడతాం." రాత భర్తదే. కింద హ్యాంగర్ బొమ్మ కూడా వేశాడు. అది హ్యాంగర్‌లా లేదు, మెడ తిప్పి నిద్రపోతున్న కొంగలా ఉంది.

ఆవిడ లోపలికి వెళ్ళి సంచి దించకుండానే అడిగింది.

"ఎవరినడిగి పెట్టారండీ ఆ కాగితం?"

ఆయన ఇస్త్రీ బల్ల దగ్గర ఆవిరిలో సగం కనపడుతున్నాడు. "వచ్చేశావా! మీ అక్క బాగుందా? అదా... మొన్న పేపర్లో చదివానే. ఊళ్ళో జనం పారేసే హ్యాంగర్లు గుట్టలు గుట్టలట. మనకేమో సప్లయర్ ఎప్పుడూ ఆలస్యమే. తెచ్చిస్తే వాళ్ళకీ మంచిది, మనకీ మంచిది."

"ఎక్కడ పెడదామని?"

"సన్నటి తీగముక్కలకి ఎంత చోటు కావాలే!"

కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని చొక్కాకి గుండీలు కుడుతున్న అత్తగారు తలెత్తకుండానే, "వాడు మంచికే చేశాడమ్మాయ్" అంది. కొడుకు ఏం చేసినా ఆవిడ మాట అదే.

ఆయన మంచికే చేస్తాడు. అందులో ఎవరికీ అనుమానం లేదు. ఆ డ్రైక్లీనింగ్ దుకాణం ఉన్న వీధి వీధంతా ఆయన్ని "సరేనండి గారు" అని పిలుస్తుంది. ఎవరేమడిగినా ఆయన నోట వచ్చే మాట అది ఒక్కటే. మధ్యాహ్నం తెచ్చిన సూటు సాయంత్రానికి కావాలన్నా సరేనండీ. బట్టలతో పాటు కుక్కపిల్ల పడుకునే దుప్పటి కూడా కలిపేయమన్నా సరేనండీ. ఆ తర్వాత అది కుదరదని చెప్పాల్సింది మాత్రం భార్య. సూటు ఆరలేదని, దుప్పటి మిషన్లో వేస్తే మిగతావాళ్ళ బట్టలకి వెంట్రుకలు అంటుకుంటాయని, ఆవిడే కౌంటరు ముందుకొచ్చి చెప్పాలి. అలా చెప్పీ చెప్పీ ఆవిడకి వీధిలో వేరే పేరు వచ్చింది. ఆ పేరు ఆవిడ ముందు ఎవరూ అనరు గానీ, "సరేనండి గారు ఉన్నారా, లేక ఆవిడ ఉందా?" అని తలుపు దగ్గర నిలబడి వాసన చూసి లోపలికొచ్చే వాళ్ళను రోజూ చూస్తూనే ఉంటుంది.

హ్యాంగర్లు మర్నాటి నుంచే రావడం మొదలయ్యాయి. మొదట్లో చేతికి రెండో మూడో తగిలించుకుని మర్యాదగా తెచ్చారు. తర్వాత సంచుల్లో తెచ్చారు. ఆ తర్వాత అట్టపెట్టెల్లో. తెల్లవి, నల్లవి, బంగారు రంగు పోయి ఇత్తడిలా తేలినవి, అట్టగొట్టం ఊడిపోయి నోరు తెరుచుకున్నవి, బాత్రూం తూము పొడవడానికి తిన్నగా సాగదీసినవి, టీవీకి యాంటెన్నాగా పనిచేసి రిటైరైనవి. పక్కవీధి దుకాణం పేరు అచ్చేసిన కాగితపు తొడుగులతో వచ్చినవైతే లెక్కే లేదు. బట్టలు అక్కడ ఇస్తారు, చెత్త ఇక్కడికి తెస్తారు అని ఆవిడకి ఒళ్ళు మండింది. ఒకాయన గుడ్డ చిరిగిపోయిన గొడుగు తెచ్చి, "ఇదీ తీగే కదండీ" అన్నాడు.

"సరేనండీ" అన్నాడు ఈయన.

"ఏంటండీ సరే? గొడుక్కి బట్టలు తగిలిస్తారా?"

"పాపం, పెద్దాయన అంత దూరం నుంచి మోసుకొచ్చాడే."

"మోసుకొచ్చినవన్నీ తీసుకునేటట్టయితే రేపు వాళ్ళావిడ్ని మోసుకొస్తాడు!"

అత్తగారు సూది ఆపి కిసుక్కున నవ్వి, మళ్ళీ కొడుకు మొహం చూసి నవ్వు మింగేసింది.

వెనకగది నిండిపోయింది. ఆ గదిలోనే ఆవిరి యంత్రం, మరకల మందుల అలమర, మురికి బట్టల బుట్టలు ఉండేవి. ఇప్పుడు వాటి దగ్గరికి పోవాలంటే ఒంటికాలి మీద పక్కకి జరుగుతూ పోవాలి. హ్యాంగర్లతో పెద్ద చిక్కేమిటంటే అవి ఒక్కొక్కటిగా ఉండవు. ఒకదాని మెడ ఇంకొకదాని చంకలో దూరుతుంది. ఒకటి కావాలని లాగితే గుట్ట మొత్తం లేచి వెంట వస్తుంది, వస్తూ వస్తూ పక్కనున్న బుట్టని కూడా లాక్కొస్తుంది. ఆవిడ ఏప్రాను జేబు రెండుసార్లు చిరిగింది. అలమర తలుపు తీస్తే ఝణఝణమంటూ పాదాల మీద పడతాయి. ఇంత చేసి, వాడుకోవడానికి పనికొచ్చే హ్యాంగర్ కోసం వెతికితే వంకర లేనిది ఒకటి దొరికేలోపు టీ చల్లారిపోయేది.

ఆవిడ అద్దం మీది కాగితం చింపేసింది. అయినా ఆగలేదు. పొద్దున్నే షట్టరు తీయడానికి వెళ్తే తాళానికి గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. పెట్టినవాళ్ళు మనుషుల కంటికి కనపడకుండా పెట్టిపోతున్నారు. ఎందుకంటే లోపల ఆవిడ ఉంటుంది మరి.

చెత్తబండి వాళ్ళని అడిగింది. "ఇవొద్దమ్మా, మిషన్ పళ్ళకి చుట్టుకుంటాయి. పోయినసారి ఒకటి పడి సగం రోజు బండి ఆగిపోయింది" అన్నారు. పాత ఇనుము కొనే అతన్ని పిలిచింది. అతను వెనకగది గుమ్మంలో నిలబడి, లోపలికి అడుగు కూడా పెట్టకుండా తల అడ్డంగా ఊపాడు. "బండినిండా ఇవే పడతాయి, తూకం మాత్రం తేలదు. అన్నీ వంచి, నొక్కి, కట్టలు కట్టి ఉంచితే చూద్దాం" అని సైకిలెక్కాడు.

"విన్నారా? వంచాలట, నొక్కాలట, కట్టలు కట్టాలట."

"ఆదివారం నేను కూర్చుంటాలే" అన్నాడు ఆయన. ఆదివారం ఎదురింటి వాళ్ళ సోఫా పై అంతస్తుకి ఎక్కించడానికి సాయం వెళ్ళాడు. వాళ్ళు అడిగారట.

ఆ వారంలోనే మెజీషియన్ కోటు వచ్చింది.

మెజీషియన్ ఆ దుకాణానికి పాత ఖాతాదారు. స్కూళ్ళలో, క్లబ్బుల్లో ప్రదర్శనలిస్తాడు. తెల్లటి కోటు, లోపల ఎన్ని రహస్యపు జేబులున్నాయో ఆయనకీ ఈ ముగ్గురికీ తప్ప లోకంలో ఇంకెవరికీ తెలియదు. కోటు ఉతికి తిరిగిచ్చేటప్పుడు ప్రతిసారీ, "చూడలేదుగా?" అంటాడు. "ఏం చూడలేదండీ" అంటారు వీళ్ళు. ఆయన కోటంటే ఆవిడకి కూడా ప్రత్యేకమైన శ్రద్ధ. అంత తెలుపు ఇంకెవరి బట్టల్లోనూ రాదు.

ఆ రోజు కోటు ఉతికి, ఆరబెట్టడానికి భర్తకిచ్చి ఆవిడ వేరే ఇళ్ళకి బట్టలు ఇచ్చి రావడానికి వెళ్ళింది. ఆయన వెడల్పాటి చెక్క హ్యాంగర్ కోసం వెతికి, గుట్ట దాటి అటు పోలేక, చేతికందిన తీగ హ్యాంగర్‌కి తడి కోటు తగిలించాడు. దాని మీది రంగు పెచ్చులూడిన సంగతి చూసుకోలేదు. మర్నాడు పొద్దున్నే ఆవిడ కోటు దించితే, రెండు భుజాల మీదా ఎవరో టీలో ముంచిన పుల్లతో గీసినట్టు ఎర్రటి గీతలు.

ఆవిడ తుప్పు మరకల మందు తీసి, దూదితో అద్దుతూ, కడుగుతూ, మళ్ళీ అద్దుతూ చాలాసేపు నిలబడింది. కుడి భుజం తేరుకుంది. ఎడమ భుజం మీద పసుపుపచ్చగా ఒక నీడ మాత్రం పోలేదు. ఇంకా రుద్దితే గుడ్డే చిరుగుతుంది.

ఆయన వెనకే నిలబడి చూస్తున్నాడు. మొహం పాలిపోయింది. "ఈ సాయంత్రమే వస్తానన్నాడు. రేపు ఆయనకి పెద్ద షో ఉందట."

"ఉంటుంది."

"నువ్వు చెప్పేయ్. నువ్వైతే బాగా మాట్లాడతావు."

దూది ఆవిడ చేతిలోంచి కిందపడింది.

"నేనా? కాగితం అంటించింది మీరు. ఊరివాళ్ళ చెత్తంతా చేతులు చాచి తీసుకుంది మీరు. తడి కోటు తుప్పు తీగకి తగిలించింది మీరు. చెప్పడానికి మాత్రం నేను! మీరు మంచివారు. మీకు నోట్లో నాలుక లేదని ఊరంతా జాలి. ఆ లేని నాలుక నా నోట్లో పెట్టి తిప్పుతున్నారన్న సంగతి ఎవరికైనా తెలుసా? నేను గయ్యాళిగా పుట్టలేదండీ. ఈ కౌంటరు ముందు నిలబెట్టి మీరు తయారుచేశారు."

"అంత మాట..."

"ఈసారి నేను రాను. ఆయనతో ఏం చెప్పుకుంటారో చెప్పుకోండి."

ఆవిడ వెనకగదిలోకి పోయి, హ్యాంగర్ల మధ్య మిగిలిన జానెడు చోటులో బోర్లించిన బుట్ట మీద కూర్చుంది. గుమ్మానికి తెర వేసింది. అత్తగారు ఈసారి వాడు మంచికే చేశాడని అనలేదు.

సాయంత్రం మెజీషియన్ వచ్చాడు. తెర వెనక నుంచి ఆవిడకి అంతా వినపడుతోంది. భర్త మొదట వాతావరణం గురించి మాట్లాడాడు. తర్వాత ప్రదర్శనల గురించి అడిగాడు. 'చెప్పండి, చెప్పి చావండి' అనుకుంటూ ఆవిడ పళ్ళు నూరింది. చివరికి కోటుకి చుట్టిన కాగితం విప్పిన చప్పుడు.

"మచ్చ పడిందండీ" అన్నాడు ఆయన. "తప్పు నాదే. తడి కోటు తుప్పు పట్టిన హ్యాంగర్‌కి తగిలించాను. మా ఆవిడ చాలావరకు తీసింది. ఇది పోవడం లేదు."

ఆ తర్వాత మెజీషియన్ గొంతు అద్దాలు అదిరేలా లేచింది. "ఇదేంటయ్యా? రేపు నేనేం వేసుకుని స్టేజీ ఎక్కాలి? పిల్లలు ముందు వరసలో కూర్చుంటారు, వాళ్ళ కళ్ళకి దోమ కూడా కనపడుతుంది! ఇన్నేళ్ళుగా మిమ్మల్ని నమ్మి..."

'పావురాన్ని మాయం చేస్తాడు, వేలెడంత మచ్చని చేసుకోలేడా' అని ఆవిడ గొణుక్కుంది. కానీ లేవలేదు. లేవకూడదని బుట్ట అంచు రెండు చేతులతో పట్టుకుంది. లేచి వెళ్ళి నాలుగు ముక్కల్లో సర్దేయగలదు. అదే ఆవిడకి ఎక్కువ చిరాకు తెప్పించింది. అంత తేలికైన పని ఈ మనిషికి ఎందుకింత కష్టం?

బయట భర్త మళ్ళీ మళ్ళీ "నిజమేనండీ", "తప్పేనండీ" అంటున్నాడు. పారిపోలేదు. తెర వైపు తిరిగి పిలవనూ లేదు.

అప్పుడు అత్తగారి గొంతు వినపడింది. "అబ్బాయ్, ఇటు తే కోటు. పట్టాలు కుడతాను. భుజాల మీద బంగారు పట్టాలు, అంచులకి కుచ్చులు. బ్యాండు మాస్టర్లకి ఉంటాయి చూడు, అలాంటివి. నా డబ్బాలో ఉన్నాయి. రేపు పొద్దుటికి ఇస్తాను."

డబ్బా మూత తెరిచిన చప్పుడు. మెజీషియన్ పట్టాలు భుజం మీద పెట్టుకుని అద్దంలో చూసుకున్నట్టున్నాడు. గొంతు మారింది. "ఊఁ... ఇవి బాగానే ఉన్నాయి. అయితే కాలరుకి కూడా వేయండి. చేతులకి కూడా. వీపు మీద ఒక పెద్ద నక్షత్రం. లోపల ఇంకో రెండు జేబులు. అన్నీ మీ ఖర్చే!"

తెర వెనక ఆవిడ కళ్ళు మూసుకుంది. సరేనండీ అంటాడు. అత్తగారికి చూపు ఆనదు, చేతులు నొప్పులు, తెల్లవార్లూ కుట్టాల్సింది మళ్ళీ తనే.

"కుదరదండి" అన్నాడు భర్త.

ఆవిడ కళ్ళు తెరిచింది.

"భుజాలు పాడుచేసింది నేను. అవి బాగుచేసిస్తాం. మిగతావి కుదరవండి. మా అమ్మకి కళ్ళు నొప్పి పెడతాయి."

మెజీషియన్ కూడా ఆశ్చర్యపోయినట్టున్నాడు. సణుగుతూనే సరే అని వెళ్ళిపోయాడు. ఆవిడ తెర తీసి చూస్తే, భర్త కౌంటరుకి రెండు చేతులూ ఆనించి, పరిగెత్తి వచ్చినవాడిలా ఊపిరి తీసుకుంటున్నాడు. మొహంలో మాత్రం వింత వెలుగు.

"విన్నావా? కుదరదన్నాను. ఏం కాలేదు!"

మర్నాడు పట్టాల కోటు వేసుకుని మెజీషియన్ ప్రదర్శన ఇచ్చాడు. దాన్ని విప్పే ఉద్దేశం లేనట్టు అదే కోటుతో వీధిలో కూడా తిరిగాడు. ఆ గొడవ అలా గట్టెక్కింది. కానీ ఇంకో గొడవ మొదలైంది. ఆయనకి ఆ మాట రుచి తగిలింది.

పొద్దున్న వచ్చిన ఒకామె కర్టెన్లు ఎప్పుడిస్తారంటే కుదరదండి. చొక్కాకి గంజి కొంచెం తక్కువ పెట్టమంటే కుదరదండి. చిల్లర ఉందా అని అడిగిన వాడికి కూడా కుదరదండి. ఆవిడకి మొదట రెండు రోజులు చెవుల్లో తేనె పోసినట్టే ఉంది. హ్యాంగర్లు తెచ్చినవాళ్ళు వాటితోనే వెనక్కి పోతుంటే గుమ్మంలో నిలబడి చూసి ఆనందించింది కూడా. మూడోనాటికి ఆయన జనం మాట పూర్తిగా వినడం కూడా మానేశాడని అర్థమైంది.

ఆ మధ్యాహ్నం ఆవిడ మరకల మందు సీసాలు కొనుక్కుని తిరిగొచ్చేసరికి ఆయన తీరిగ్గా పళ్ళెం ముందు కూర్చున్నాడు.

"ఎవరైనా వచ్చారా?"

"ఎవరో ఒకావిడ. మట్టి చేతులు. నర్సరీ అట, మొక్కలు పెంచుతుందట. మన దగ్గర హ్యాంగర్లు చాలా ఉన్నాయని ఎవరో చెప్పారట. కుదరదండీ అని పంపించేశాను."

"ఏమడిగింది?"

"హ్యాంగర్ల గురించి ఏదో..."

"ఇస్తానందా? కావాలందా?"

ఆయన చేతిలో ముద్ద ఆగింది. స్టూలు మీంచి అత్తగారే జవాబు చెప్పింది. "అన్నీ కావాలంది అమ్మాయ్. తుప్పువైనా ఫరవాలేదంది. నేను పిలిచేలోపు వెళ్ళిపోయింది."

ఆవిడ సీసాలు కౌంటరు మీద పెట్టి నుదురు కొట్టుకుంది. "దేవుడా! చెత్త తెచ్చినన్నాళ్ళూ సరే, తీసుకుపోతానంటే కుదరదా? మీకు సరైన మాట సరైన మనిషి దగ్గర ఎప్పుడొస్తుందండీ?" అని, సమాధానం కోసం ఆగకుండా చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తింది.

"ఏవండోయ్! నర్సరీ ఆవిడా!" అని అరుస్తూ పరిగెత్తుతుంటే జనం తలుపుల్లోంచి తొంగి చూశారు. ఆవిడ వాళ్ళకి ఒక్క చూపు విసిరింది. అందరూ లోపలికి పోయారు. మలుపు దగ్గర ఆకుపచ్చ వ్యాను కదలబోతోంది. ఆవిడ దాని తలుపు మీద అరచేత్తో కొట్టింది.

లోపల కూర్చున్న మనిషికి గోళ్ళ నిండా మట్టి. బెదిరిపోయి కిటికీ దించింది. "ఏమైందండీ?"

"హ్యాంగర్లు... ఇస్తాం. అన్నీ... మీవే."

"మీవారు కుదరదన్నారే?"

"ఆయనకి ఈ మధ్య అది జబ్బు."

నర్సరీ ఆవిడ పెద్దగా నవ్వింది. వ్యాను వెనక్కి తిప్పింది. దుకాణానికి వచ్చి, వెనకగది గుమ్మంలో నిలబడి, గుట్ట చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. అందరిలా తల అడ్డంగా ఊపి పోతుందేమోనని ఆవిడ భయపడింది. కానీ ఆమె ఒక హ్యాంగర్ లాగి, దానితో వచ్చిన మిగతా వాటిని కాలితో తొక్కిపట్టి, నడుముకున్న కట్టర్‌తో మెడ కత్తిరించింది. అడుగు తీగని మధ్యకి రెండుగా తుంచి, ఒక్కో ముక్కని మోకాలి మీద వంచి గుర్రపు నాడాలా చేసింది.

"నారుమడి మీద వల పరిచి అంచులకి ఇవి గుచ్చుతాను. పక్షులు రావు, గాలికి వల లేవదు. బజార్లో కొన్నవైతే నున్నగా ఉండి ఊడొస్తాయి. తుప్పువైతే మట్టిని గట్టిగా పట్టుకుంటాయి. మెడలేమో కుండీలు వేలాడదీయడానికి. నాకు ఎన్నయినా చాలవు. కానీ ఇలా చిక్కుపడి ఉంటే వ్యానులో పట్టవు. ఇక్కడే కత్తిరించుకోవాలి. మనుషులు కావాలి."

ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన అప్పటికే చేతులు కడుక్కుని, చొక్కా చేతులు మడుస్తున్నాడు.

దుకాణం మూసి ముగ్గురూ నేల మీద కూర్చున్నారు. నర్సరీ ఆవిడ కత్తిరిస్తుంటే ఆలుమగలు చిక్కులు విడదీశారు. అత్తగారు స్టూలు మీంచి "అది కాదు, దాని కిందది ముందు తియ్యండి" అని ఆజ్ఞలు. తీగలు చేతుల్ని గీరాయి. ఒకటి ఎగిరి ఆవిడ జుట్టులో ఇరుక్కుంది.

"కదలకు" అంటూ ఆయన దగ్గరికి జరిగి జాగ్రత్తగా తీయబోయాడు.

"లాగకండి! అయ్యో, ఇటు కాదు!"

"ఆ రోజు మెజీషియన్ అరుస్తుంటే..." అన్నాడు ఆయన, జుట్టులోంచి తీగ విడదీస్తూ మెల్లగా. "పారిపోదామనిపించింది. ఇన్నాళ్ళూ రోజూ అది నువ్వు పడుతున్నావని అప్పుడు తెలిసింది."

"తెలిసి ఏం చేశారు? చిల్లర అడిగిన వాడికి కూడా కుదరదన్నారు."

"సమయం పడుతుందే, ఏ మాట ఎక్కడో తెలియడానికి."

"ఈలోపు నా జుట్టు ఊడొస్తుంది. కానివ్వండి."

నర్సరీ ఆవిడ తలొంచుకుని కట్టర్ టకటకలాడించింది. నవ్వుతోందని భుజాలు చూస్తే తెలుస్తోంది.

చీకటి పడకముందే వ్యాను నిండింది, గది ఖాళీ అయింది. నేల కనపడింది. ఇంత గది తమకుందని ఆవిడ మరిచేపోయింది. ఆయన వెళ్ళి దుకాణం మళ్ళీ తెరిచాడు. ఆవిడ చీపురు పట్టుకుని తుప్పు పొడి ఊడుస్తుంటే ముందు వైపు నుంచి తలుపు చప్పుడైంది. ఎవరో చేతుల నిండా కోట్లు మోసుకుని వచ్చారు. రేపు పొద్దున్నే ప్రయాణమట, అన్నీ రేపటికే కావాలట.

కాసేపటికి తెర పక్కకి జరిగి ఆయన తల లోపలికి వచ్చింది.

"ఏమేవ్, రేపటికి అడుగుతున్నారు. ఏమందాం?"

"ఇప్పుడు ప్రతిదానికీ నన్నడగడం మొదలుపెట్టారా?" అని ఆవిడ చీపురు గోడకి కొట్టింది. అయినా వచ్చి కోట్లు ఒక్కొక్కటే పట్టి చూసింది. ఉన్ని కోట్లు, దళసరివి. "రేపటికి రెండు ఇవ్వగలం. మిగతావి ఎల్లుండి సాయంత్రం."

వచ్చిన మనిషి ఆవిడని వదిలేసి, అలవాటు ప్రకారం ఆయన వైపు తిరిగి బతిమాలే మొహం పెట్టాడు. "సరేనండి గారూ, మీరైనా చెప్పండి..."

ఆయన గొంతు సవరించుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఆవిడ పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"రెండేనండీ. ఏ రెండు కావాలో చూసి చెప్పండి."